నీడ తీసేసిన వేసవి

రంపం చప్పుడు ఆగిన కాసేపటికి ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. కర్పూరానికీ టర్పెంటైన్‌కీ మధ్య ఎక్కడో ఉండే పచ్చి జిగురు వాసన. చేతిలో ఉన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో మా అపార్ట్‌మెంటు గేటు పక్కన అరకేరియా చెట్టు ఒకటి ఉంది. పిల్లలు దాన్ని క్రిస్మస్ చెట్టంటారు. పక్క స్థలంలో కొత్త బిల్డింగు లేచిన దగ్గర్నుంచి దాని కింది కొమ్మలకు ఎండ తగలక, ఒక్కో వరసే ఎండి రాలిపోయాయి. ఎండ అందే పైభాగం మాత్రం పచ్చగా మిగిలింది. నేను వెళ్లేసరికి సరిగ్గా ఆ పైభాగమే రోడ్డు మీద అడ్డంగా పడి ఉంది.

మా సొసైటీ సెక్రటరీ బ్యాంకులో చేసి రిటైరైన కరీంనగర్ ఆయన. మనిషి చెడ్డవాడు కాదు. "గేటు మీది బోర్డు కనబడ్తలేదు మేడమ్. అందుకే కొట్టిచ్చిన. మళ్ల పెరుగుతది గదా," అన్నాడు. పెరగదని చెప్పాను. ఈ జాతి చెట్టుకు నిటారుగా పైకి వెళ్లే చిగురు ఒక్కటే ఉంటుందనీ, దాన్ని కోసేస్తే ఆ ఆకారం మళ్లీ రాదనీ, నీడలో రాలిపోయిన కింది కొమ్మలు కూడా మళ్లీ మొలవవనీ చెప్పాను. చెబుతుండగానే గొంతు పెరిగింది. పక్క ఫ్లాట్లవాళ్లు బాల్కనీల్లోకి వచ్చారు. "ఒక చెట్టుకు ఇంత కోపమెందుకు మేడమ్?" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

ఇదే ఊళ్లో ఇదే ప్రశ్న ఇంకొక స్త్రీని ఎంతోమంది అడగడం నేను విన్నాను. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. మా కాలేజీలో బోటనీ చెప్పేది. నేనివాళ ఒక కాలేజీలో నిలబడి పాఠం చెబుతున్నానంటే, కోపం వచ్చినప్పుడు నోరు మూసుకోకుండా ఉంటున్నానంటే, దానికి కారణం ఆవిడ. ఆవిడ పోయాక ఆవిడ గురించి విన్న మాటలు నన్నింకా నిలవనివ్వడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ తాత బొబ్బిలి వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చినవాడు. తండ్రి లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిడ రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగి, తండ్రి రిటైరయ్యాక తల్లితో కలిసి సర్కండాలో అద్దె ఇంట్లో ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లెవరూ రెండోసారి అడిగే సాహసం చెయ్యలేదు. కాలేజీలో హిందీవాళ్లకు తెలుగువాళ్లంతా రావులే కాబట్టి, ఆవిడను చేరిన మొదటి రోజు నుంచే రావు మేడమ్ అని పిలవడం మొదలుపెట్టారట. ఆవిడ ప్రతిసారీ ఆగి, "మేరా నామ్ అప్పలనరసమ్మ హై. పూరా బోలియే," అనేది. అవతలివాళ్లు నవ్వేవాళ్లు. ఆవిడ నవ్వేది కాదు. వాళ్లు ఆ పేరును ముక్కలుముక్కలుగానైనా పూర్తిగా పలికేదాకా అక్కడే నిలబడేది. గడుసుదని అప్పుడే పేరు పడిపోయింది. మేం తెలుగు అమ్మాయిలం మాత్రం నరసమ్మ మేడమ్ అనేవాళ్లం. దానికి ఆవిడ ఒప్పుకుంది.

మొదటి క్లాసుకు ఆవిడ పుస్తకం తేలేదు. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో రెండు పైన్ మొక్కలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండిటిదీ ఒకే వయసు, ఒకే విత్తనం. ఒకటి సన్నగా, లేత ఆకుపచ్చగా, బాగా పొడుగ్గా ఉంది. రెండోది పొట్టిగా, ముదురు రంగులో, గట్టిగా ఉంది. ఏది బాగా పెరిగిందని అడిగింది. క్లాసంతా పొడుగుదాన్నే చూపించాం. ఆవిడ రెండు సంచులూ చింపి, మట్టి దులిపి, వేళ్లు పైకెత్తి చూపించింది. పొడుగు మొక్కకు నాలుగు దారప్పోగుల్లాంటి వేళ్లున్నాయి. పొట్టిదానికి గుప్పిట్లో పట్టనంత కుచ్చు ఉంది. "ఇది నీడలో ఉంది. ఎండ ఎక్కడుందా అని వెతుక్కుంటూ, ఉన్న శక్తంతా పైకి పోవడానికే ఖర్చు పెట్టేసింది. కాండానికేం మిగల్లేదు, వేళ్లకేం మిగల్లేదు. దీన్ని చూసి బాగా పెరిగిందంటున్నారు మీరు," అంది హిందీలో. తర్వాత ముందు బెంచీలో ఉన్న నా వైపు చూసి తెలుగులో, "పొడుగైతే బలమని ఎవరు చెప్పేరే నీకు?" అని అడిగింది. తెలుగు అమ్మాయినని ఆవిడకు ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. రైల్వే కాలనీ తెలుగువాళ్లం ఒకరినొకరం ఎలాగో పోల్చుకుంటాం.

కాలేజీ వెనక పాత హాస్టలు గోడ పక్కన ఆవిడ మొక్కల మడులుండేవి. వెదురు కర్రలు పాతి, వాటిమీద ఆకుపచ్చ వలలు కట్టి ఉండేవి. ఒక మడికి వల లేదు, ఒక మడికి ఒక పొర, ఇంకో మడికి రెండు పొరలు. పైన్ చెట్టు కొండల మీది చెట్టు. చల్లటి గాలి కావాలి, ఎండ మాత్రం ధారాళంగా కావాలి. నీడలో బతకలేని చెట్లలో అదొకటి. కానీ మా ఊరి మే నెల ఎండలో దాని పసిమొక్క నిలవలేదు. అమర్‌కంటక్ ఎత్తుల మీద నాటడానికి కింద మైదానంలో మొక్కలు పెంచుదామని కొందరు చూస్తే, చాలామటుకు చచ్చిపోయేవట. కాబట్టి మొదట నీడ ఇవ్వాలి. ఇచ్చిన నీడను ఎప్పుడో తియ్యాలి. ఎప్పుడు తియ్యాలి, ఎలా తియ్యాలి అన్నది ఆవిడ పట్టుకున్న ప్రశ్న. ఒక సెమినార్లో పైన్ మొక్కల గురించి మాట్లాడితే, హిమాచల్‌లో ఉన్న ఇంకో బిలాస్‌పూర్ నుంచి వచ్చిందనుకున్నారట. మైదానంలో కూర్చుని కొండ చెట్టు గురించి అడగడమేమిటన్నది వాళ్ల సందేహం. "ఏం, ఇక్కడివాళ్లు అడక్కూడదేటి?" అని ఆ సంగతి చెప్పినప్పుడల్లా మండిపడేది.

ఎమ్మెస్సీలో చేరాక నేను ఆ మడుల దగ్గరే ఎక్కువ కాలం గడిపాను. నీళ్లు పెట్టడం, కాండం మందం కొలవడం, సూదుల్లాంటి ఆ ఆకుల రంగు చూడడం మా పని. సూది చివర ఎర్రబడితే ఒక అర్థం, మొదలు దగ్గర పాలిపోతే ఇంకో అర్థం. నీడలో పుట్టిన సూది పల్చగా, పొడుగ్గా ఉంటుంది. ఎండలో పుట్టినది మందంగా, పైన మైనం పూసినట్టు ఉంటుంది. నీడలో పుట్టిన సూదిని ఒక్కసారిగా ఎండలోకి తెస్తే అది ఎండ సూదిగా మారదు, మాడిపోతుంది. ఆ ఎండకు తట్టుకునే కొత్త సూదులు మొలిచేదాకా మనం ఆగాలి. ముందు పొద్దుటి ఎండ తగలనివ్వాలి. కొన్ని వారాలు పోయాక సాయంత్రపు ఎండ. నడినెత్తి ఎండ అన్నిటికన్నా ఆఖర్న. "నీడ ఇవ్వడం ఎవడైనా ఇస్తాడు. తియ్యడం తెలియాలి," అనేది ఆవిడ, వల ముడి విప్పుతూ.

ఆ ఏడాదే క్లాసును అమర్‌కంటక్ తీసుకెళ్తానంది. పెండ్రా రోడ్డు స్టేషను దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు, అక్కడే బస. మా నాన్న గూడ్సు బండి గార్డు. ఆడపిల్లను అడవిలోకి పంపేది లేదన్నాడు. ఆ సంగతి నేను చెప్పిన మర్నాడే ఆవిడ మా క్వార్టరుకు వచ్చింది. అమ్మ కంగారుగా చాయ్ పెట్టింది. నాన్న డ్యూటీ దిగి వచ్చి, ఇంకా యూనిఫారం కూడా మార్చుకోలేదు.

"పెళ్లీడు పిల్ల మేడమ్ గారూ. మా నీడలో ఉంటే మాకు ధైర్నం. అడివిలో ఏటైనా అయితే ఎవరు పూచీ?" అన్నాడు నాన్న.

"బండి ఎనకాల బ్రేక్‌వేన్‌లో మీరు ఒక్కరే ఎల్తారు కదండి గార్డు గారూ. మద్దెలో అడివి రాదేటి?"

"నేను మగోణ్ని కదండి."

"ఆ సంగతి అడివికి తెలీదండి. మీకూ నాకే తెల్సు."

నాన్నకు కోపం వచ్చింది. వచ్చిన మనిషి ఆడమనిషి, పైగా మేడమ్ అవడం వల్ల దాన్ని మింగేశాడు. ఆవిడ అది గమనించి కూడా ఒక్క మెట్టు దిగలేదు. "కోపం వస్తే రానీండి. కానీ పిల్లనొక్కసారి అడగండి. ఇందాకట్నించీ దాని గురించే మాటాడుతున్నాం, దాన్ని ఎవరూ అడగలేదు," అంది. నాన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏటే, ఎల్తావేటి?" అన్నాడు. నా జీవితంలో నాన్న నన్ను అలా అడగడం అదే మొదలు. వెళ్తానన్నాను. ఆ మాట పైకి వచ్చిందో లేదో అన్నంత చిన్నగా వచ్చింది. ఆవిడ మాత్రం విన్నానన్నట్టు లేచి నిలబడి, చెప్పులు వేసుకుంది.

అమర్‌కంటక్‌లో పైన్ తోట అంచున మమ్మల్ని నిలబెట్టి చూపించింది. అంచు చెట్లకు మా వైపు, అంటే ఎండ వచ్చే వైపు, కొమ్మలు నేల దాకా ఉన్నాయి. లోపలి వైపు కొమ్మలే లేవు. తోట మధ్యకు తీసుకెళ్తే అక్కడన్నీ సన్నటి పొడుగాటి స్తంభాలు. చిటారున మాత్రం గుప్పెడు పచ్చదనం. కింద అంతా ఎండిన కొమ్మల మోళ్లు. ఎండ అందని కొమ్మను చెట్టు పోషించదు, వదిలేస్తుంది అని చెప్పింది. గాలివానకు పడిపోయిన రెండు చెట్లు అక్కడ ఉన్నాయి. రెండూ లోపలివే. పక్క చెట్లు నరికేయడంతో ఒక్కసారిగా ఒంటరైపోయి, ఆ సన్నటి కాండాలతో గాలికి నిలవలేకపోయాయట. ముంగేలీ ఊరి నుంచి వచ్చి నాతో పాటు చదివే అమ్మాయి ఒకతె, "మేడమ్, మేము కూడా ఇంతే కదా. ఇంట్లో నీడలో పెరిగి, ఒక్కసారిగా అత్తారింట్లో పడతాం," అంది. మేమంతా బాగా చెప్పిందనుకున్నాం. నరసమ్మ మేడమ్ మాత్రం ముఖం గంటు పెట్టుకుంది.

"కాదు," అంది. "ఈ చెట్టు ఎక్కడ మొలిస్తే అక్కడే ఉండాలి. పక్క చెట్టు కావాలని దీనిమీద నీడ వెయ్యలేదు. నీ మీద పడే నీడ అలాంటిది కాదు. దాన్ని ఒక మనిషి వేస్తున్నాడు. ఆ మనిషికి పేరుంది. చెట్లతో పోల్చుకుని ఊరుకోకు. పేరు తెలుసుకో."

ఇక నీడ తీసేసిన ఆ వేసవి సంగతి. మొక్కలకు నీడ తగ్గించే పని అప్పుడే సగంలో ఉంది. పొద్దుటి ఎండకు అలవాటు పడ్డాయి. కొత్త సూదులు మందంగా రావడం మొదలైంది. ఇంకో వానాకాలం గడిస్తే ఆవిడ కొన్నేళ్ల పని ఒక కొలిక్కి వచ్చేది. డాక్టరేటుకు కావలసిన కొలతలు పూర్తయ్యేవి. మే నెలలో ఆవిడకు కోర్బాలో పరీక్షల డ్యూటీ పడింది. మొక్కలకు నీళ్లు పెట్టే పని కాలేజీ తోట మాలీకి అప్పగించి, ఏం చెయ్యాలో చెప్పి వెళ్లింది. మేం పరీక్షలు రాసి ఇళ్లలో ఉన్నాం. ఆ వారంలోనే కాలేజీకి ఒక పెద్దమనిషి వస్తాడని తెలిసి, రంగులు వెయ్యడం, గోడలు తుడవడం మొదలుపెట్టారు. వచ్చే దారిలో హాస్టలు గోడ పక్కన ఆకుపచ్చ గుడ్డలు వేలాడుతుంటే బాగుండదని ప్రిన్సిపాల్ అన్నాడు. ఒకే మధ్యాహ్నం వలలన్నీ పీకించేశాడు. మాలీ వద్దన్నాడట. వాడి మాట ఎవరు వింటారు.

ఆవిడ తిరిగి వచ్చిన రోజు మా క్వార్టరు పక్క దుకాణానికి ఫోను చేసి నన్ను పిలిపించింది. ఇద్దరం కలిసి వెళ్లాం. వెదురు కర్రలు గోడకు చేరేసి ఉన్నాయి. వలలు చుట్టలు చుట్టి ఒక మూల పడేసి ఉన్నాయి. రెండు పొరల నీడలో ఉన్న మొక్కల సూదులు మొదలంటా ఇటుక రంగుకు తిరిగాయి. పట్టుకుంటే విరిగి పొడి అయ్యాయి. ఒక పొర కింద ఉన్నవి సగం మాడి, సగం పచ్చగా ఉన్నాయి. మొదటి నుంచీ ఎండలో ఉన్న మడిలో, నిరుటి వేసవికి చావగా మిగిలిన కొద్ది పొట్టి మొక్కలు ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. ఆవిడ ఒక్కో మొక్క దగ్గర కూర్చుని చిటారు మొగ్గను గోటితో గీరి చూసింది. లోపల పచ్చగా ఉంటే పక్కకు జరిగేది. గోధుమ రంగుంటే కాసేపు అక్కడే ఉండేది. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. "ఏడవడానికి టైముంది. ముందు నీడ కట్టు," అంది. ఇద్దరం ఆ ఎండలో మళ్లీ కర్రలు పాతి వలలు కట్టాం.

తర్వాత ఆవిడ ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఎండలో ఉన్న మొక్కలు బాగానే ఉన్నాయి కదా, వలల కింద పెంచి మీరే వాటిని నాజూకు చేశారు, ఎండకు ఏ చెట్టూ చావదు అన్నాడు. ఆవిడ ఏళ్ల తరబడి కనుక్కున్నదాంట్లోంచి ఒక ముక్క విరిచి ఆవిడ మీదికే విసిరాడు. ఆ మాట ఇప్పటికీ నాకు ఒళ్లు మండిస్తుంది. "వలలు మళ్లీ ఎవరు కట్టారు? ఫంక్షన్ అయ్యేదాకా తీసేయండి," అని కూడా అన్నాడు. "నేను తియ్యను. తీయించిన మనిషినని మీరు ఒప్పుకుని వచ్చి, మీ చేతుల్తో తియ్యండి," అంది ఆవిడ. ఆయన రాలేదు.

ఫంక్షన్ రోజు ప్రిన్సిపాల్ ఉపన్యాసం ఇచ్చాడు. మా కాలేజీ ఆడపిల్లలకు చల్లటి నీడ, నీడలో పెరిగిన మొక్క ఎప్పుడూ వాడదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నరసమ్మ మేడమ్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత అతిథి ఆవరణంతా చూస్తూ మడుల దగ్గరికి వచ్చి, ఈ మొక్కలు ఎందుకిలా ఎర్రబడ్డాయని అడిగాడు. "బిలాస్‌పూర్ ఎండ సార్," అన్నాడు ప్రిన్సిపాల్ నవ్వుతూ.

"కాదండి," అంది ఆవిడ హిందీలో, అందరికీ వినబడేలా. "మీరొస్తున్నారని వీటి మీద నీడ తీసేశారు. బాగా కనబడదని. ఇన్నేళ్ల పని ఒక వారంలో పోయింది. ఎండ తప్పు కాదు. నీడ తప్పూ కాదు. తీయించింది ఈయన. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను."

అతిథి తల ఊపి ముందుకు నడిచాడు. మిగతావాళ్లు ఆయన వెనకే వెళ్లారు. మడుల దగ్గర మేమిద్దరమే మిగిలాం. స్టాఫులో ఒకాయన వెనక్కి వచ్చి, "మొక్కల కోసం ఇంత కోపమా మేడమ్?" అన్నాడు. "మొక్కల మీద కాదండి నా కోపం," అంది ఆవిడ.

జూలైలో కాలేజీ తెరిచేసరికి ల్యాబు తాళం చెవి ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఎమ్మెస్సీ క్లాసులు తీసేసి, మొదటి ఏడాదివాళ్లకు పర్యావరణం పాఠం చెప్పమన్నారు. హాస్టలు గోడ పక్క స్థలంలో సైకిల్ స్టాండు వేస్తామన్నారు. ఆవిడ ప్రతి సోమవారం ప్రిన్సిపాల్ గదికి వెళ్లి తాళం చెవి అడిగేది. ఇవ్వం అంటే, వచ్చే సోమవారం మళ్లీ వస్తానని చెప్పి వచ్చేసేది. అలా ఆ ఏడాదంతా చేసింది. ఆవిడకు పిచ్చని స్టాఫు రూములో చెప్పుకునేవాళ్లు. పిచ్చి ఎవరికి? ఒక మనిషి పని నాశనం చేసి, ఆ సంగతి ఆ మనిషి పైకి చెప్పడమే తప్పన్నవాళ్ల బుద్ధిని ఏమనాలి?

డాక్టరేటు గైడు రాయ్‌పూర్‌లో ఉండేవాడు. ఆవిడతో పాటు నేనూ వెళ్లాను. ఆయన విని నొచ్చుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి, మిగిలిన కొలతలు అందాజుగా వేసేసుకో అమ్మా, ఇంతదాకా ఉన్న వరస బట్టి తెలిసిపోతుంది కదా, ఎవరు చూడొచ్చారు అన్నాడు. ఆవిడ లేచి నమస్కారం పెట్టింది. తిరుగు రైలు భాటాపారా స్టేషను దాటింది. తర్వాత, "చచ్చిపోయిన మొక్క ఎత్తు ఎంతని రాయనే? ఆళ్లు చంపీసింది నేను నా చేత్తో బతికించీసినట్టు రాస్తే, మరింక చంపలేదనే కదా?" అంది. డాక్టరేటు రాలేదు. అది లేదన్న కారణంతోనే ఆవిడను ఎప్పటికీ హెడ్‌ను చెయ్యలేదు. ఆవిడ దగ్గర చదివినవాళ్లు ఆవిడకు పైన కూర్చున్నారు.

బతికిన మొక్కలను మేం ఊరికి దగ్గర్లోని మస్తూరీ తీసుకెళ్లాం. ఆవిడ పాత విద్యార్థి ఒకతె అక్కడ పొలం గట్టున చోటిచ్చింది. ఆదివారాలు ఆటోలో వెళ్లేవాళ్లం. మళ్లీ వలలు, మళ్లీ పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ. ఇప్పుడు డిగ్రీ కోసం కాదు, కాగితం మీదికి ఎక్కేది ఏమీ లేదు. అయినా ఆవిడ ఒక్క వారం తప్పలేదు. కొన్ని చచ్చాయి. మొగ్గ బతికి ఉన్నవాటిలో కొన్ని కొత్త సూదులు వేశాయి. ఆఖరి వల తీసేసిన రోజు మధ్యాహ్నం ఆవిడ నెత్తిన కొంగు కప్పుకుని గట్టు మీద కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయింది. ఏమనిపిస్తోందని అడిగాను. "సంతోషంగానే ఉన్నాదే. అయినా కోపం తగ్గలేదు," అంది. ఆ చెట్లు ఇప్పుడు మనిషికి రెండింతల ఎత్తున్నాయి. కాండం చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉంటుంది. వాటిని చూసి మనసు నిండుతుందని చెప్పలేను. అవి నాకు మిగిలినవి గుర్తు చెయ్యవు, పోయినవి గుర్తు చేస్తాయి.

రెండేళ్ల కిందట ఆవిడ పోయింది. కాలేజీలో సంతాప సభ పెట్టారు. ఆ పాత ప్రిన్సిపాల్ ఇప్పుడు కాలేజీ కమిటీలో పెద్ద. వయసు మీద పడినా గొంతు తగ్గలేదు. దండ వేసిన ఫొటో పక్కన నిలబడి, ఆవిడ శాంతమూర్తి అన్నాడు. ఎప్పుడూ ఏదీ కోరలేదనీ, వెలుగులోకి రావాలని అనుకోకుండా తన మొక్కల్లాగే నీడలో ఒదిగి పనిచేసుకుందనీ అన్నాడు. కుర్ర లెక్చరర్లు నిజమనుకుని తలలు ఊపారు. నాకు ముందు అర్థం కాలేదు, ఎవరి గురించి చెబుతున్నాడా అని. తర్వాత చెవులు వేడెక్కాయి. బతికున్నప్పుడు ఆవిడ కోపాన్ని పిచ్చి అన్నారు. పోయాక అసలు ఆ కోపమే లేదంటున్నారు.

నేను లేచాను. మైకు ఇవ్వలేదు, అక్కర్లేదు కూడా. "ఆవిడ అన్నీ కోరింది," అన్నాను. "ల్యాబు కావాలంది. ఏడాది పొడుగునా ప్రతి సోమవారం వచ్చి అడిగింది. హెడ్ పదవి కావాలంది. మీరు ఇవ్వలేదు. వెలుగు అక్కర్లేదని ఆవిడ ఎన్నడూ అనలేదు. ఆవిడ శాంతమూర్తి కాదు. ఆవిడకు కోపం వచ్చేది, రావలసినప్పుడే వచ్చేది. ఆవిడ మొక్కల మీద నీడ తీయించింది మీరు. ఆ మాట ఆవిడ మీ ముందే చెప్పింది. ఇవాళ ఆవిడ లేదు కాబట్టి నేను చెబుతున్నాను."

ఒకాయన రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. పాటించాం. ఆ తర్వాత సమోసాలు, చాయ్ తెచ్చారు. పాత ప్రిన్సిపాల్ నా పక్కనుంచే నడిచి వెళ్తూ, చచ్చినవాళ్ల ముందు ఇలా మాట్లాడకూడదు బేటీ అన్నాడు. బతికున్నప్పుడు మీరు విన్నారా అని అడిగాను. ఆయనకు వినబడిందో లేదో తెలీదు.

నాకు ఆవిడ దగ్గర్నుంచి ఏం మిగిలిందని మా అమ్మాయి ఈమధ్య అడిగింది. దానికి తెలుగు చదవడం రాదు, ఇదంతా నేనే చదివి వినిపించాలి. పైన్ సూదుల సంగతి, ఎండా నీడా ఎంత ఇవ్వాలన్న లెక్క నా విద్యార్థులకు నేను క్లాసులో చెబుతూనే ఉన్నాను. అది కాక ఇంకొకటుంది. ల్యాబు పోయిన రోజుల్లో నేను ఇంటికి వెళ్లి అన్నం మానేసేదాన్ని, అమ్మ మీద విసుక్కునేదాన్ని. అది తెలిసి ఆవిడ ఒకసారి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "నీ కోపం మంచిదే. కానీ దాన్ని ఇంటికి మోసుకుపోయి మీయమ్మ మీద, అన్నం మీద చూపిస్తున్నావు. ఆళ్లేటి చేసేరు? ఎవరి మీద వచ్చిందో ఆళ్ల ముందు నిలబడి, పేరు పెట్టి చెప్పీ. చెప్పీసి, ఇంటికెల్లి కడుపునిండా తిను."

మొదటి సగం నాకు వచ్చింది. సంతాప సభ నుంచి ఇంటికి వచ్చి, కంచంలో అన్నం పెట్టుకుని, చారు పోసుకుని కూర్చున్నాను. ఒక ముద్ద కలిపాను. ఆయన ముఖం గుర్తొచ్చింది. ముద్ద కంచంలోనే ఉండిపోయింది. రెండో సగం నాకింకా రాలేదు.